ఏటికి పడిన మూత

హంపమ్మ నడుము లోతు తవ్వింది. ఇసుక రంగు మారలేదు.

మామూలుగా మోకాటి లోతుకే తడి తగిలేది. ఇంకొంచెం తోడితే గుంత అడుగున నీరు ఊరేది. చిప్పతో ఎత్తి, గుడ్డ వేసి వడగట్టి బిందెలో పోసుకునేవారు. హగరి ఏటిలో నీరు కంటికి కనిపించే కాలం ఏడాదిలో చాలా తక్కువ. మిగతా కాలమంతా అది ఇసుక కిందే ఉంటుంది. ఆ నీటి కోసం తవ్వే గుంతను చెలమ అంటారు. తుమ్మినహాళు గ్రామస్థులు చెలమలు తవ్వేది బోర్లు లేక కాదు. బోరు నీటిలో ఫ్లోరైడు ఉంది. ఆ నీరు తాగి నడుములు వంగిపోయిన తరం ఒకటి ఊళ్లో ఇంకా తిరుగుతూనే ఉంది. హంపమ్మ ఆ తరం మనిషి. గుంతలోకి దిగడానికి ఆమె ప్రత్యేకంగా వంగవలసిన అవసరం లేదు.

"పడలేదా హంపక్కా?" అంటూ గట్టు మీది నుంచి దమయంతి దిగి వచ్చింది.

"యాడ పడుతుందమ్మా! నిన్న ఆ పక్క తవ్వితి, ల్యాదు. ఈ పొద్దు ఈడ తవ్వితి, ల్యాదు. ఏటికి మూత పడిండాది."

"మూతేంటి?"

హంపమ్మ గడ్డపార మొనతో గుంత అంచును ఎత్తింది. పైపొర ఊడి, జొన్నరొట్టె పెనం మీది నుంచి లేచినట్టు ఒక బిళ్లగా లేచింది. నలుపూ నీలమూ కలిసిన రంగు. కింది వైపు సన్నని దారపు పోగులు వేలాడుతున్నాయి. వాటిలో ఇసుక రేణువులు పూసల్లా చిక్కుకుని ఉన్నాయి.

"సూడు. ఏరంతా ఇదే. ఇది లేస్తే గాని పార దిగల్యాదు."

దమయంతి ఆ బిళ్లను చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో అంచు నొక్కింది. విరగలేదు. దానిని గుర్తుపట్టడానికి ఆమెకు ఏ పరికరమూ అవసరం కాలేదు. ఆరేళ్లుగా తన చేతులు రోజూ తాకుతున్న పదార్థమే అది.

దమయంతి మట్టిశిల్పి. ఒక కళాశాలలో చాలాకాలం బోధించి, ఆ ఉద్యోగం వదిలేసి, ఏటి తూర్పు గట్టున ఇసుక దిబ్బలు కమ్మేసిన బంజరును కౌలుకు తీసుకుంది. ఆంధ్రదేశంలో ఎడారి అనదగిన నేల ఏదైనా ఉంటే అది ఆ గట్టుదే. ఆషాఢంలో నైరుతి గాలి ఎండిన ఏటి ఇసుకను ఎత్తి తెచ్చి పొలాల మీద, ఇళ్ల కప్పుల మీద, కంచాలలో పోసేది. అక్కడ ఆమె గుండ్రటి మట్టి గదులు, బొమ్మలు కాల్చడానికి ఒక కొలిమి, నాలుగు వైపులా తెరిచి ఉండే పెద్ద సావిడి కట్టించి, ఆ చోటికి 'మేట' అని పేరు పెట్టింది. కళాకారులు వచ్చి నెలల తరబడి ఉంటారు. ఆ నేల ఇచ్చినదానితోనే పని చేస్తారు. సావిడి ఊరిది. పెళ్లిళ్లు, కోలాటం సాధన, పదో తరగతి పిల్లల చదువులు, రాజకీయ తగాదాలు అన్నీ అక్కడే. ఊరివాళ్లు మేట అని ఎన్నడూ అనలేదు. వాళ్లకు అది బొమ్మల కొట్టం.

కట్టిన కొత్తలో ఇసుకతో చేసినదేదీ నిలబడేది కాదు. అప్పుడు దమయంతి తమ్ముడు విరూపాక్ష ఒక సీసా తెచ్చాడు. అతను నేలలోని సూక్ష్మజీవులను అధ్యయనం చేసే శాస్త్రవేత్త. బండల మీద, బీడు నేలల మీద సహజంగా పెరిగే ఒక నీలాకుపచ్చ శైవలాన్ని తీసుకుని, అది స్రవించే జిగురు అనేక రెట్లు పెరిగేటట్టు మార్చాడు. బంధని అని దానికి పేరు. తడి ఇసుకలో కలిపి ఎండలో పెట్టి కొన్నాళ్లు నీళ్లు చల్లితే ఇసుక రాయవుతుంది. అది తప్పించుకుపోకుండా ఒక కళ్లెం కూడా వేశాడు. ప్రయోగశాలలో తయారయ్యే ఒక పోషకం అందకపోతే బంధని చచ్చిపోతుంది. ఈ సంగతిని అతను అక్క ముందు పరీక్షించి చూపించాడు. పోషకం ఆపిన మూకుడులోని ఇసుక పక్షం తిరగకుండానే పిండి పిండిగా రాలిపోయింది.

మేటకు ఒక నియమం ఉండేది. ఇక్కడ చేసినది ఇక్కడి నేలకే చెందాలి. సంవత్సరాంతంలో కళాకారులు తమ శిల్పాలను ఏటి నడుమకు మోసుకుపోయి, పగలగొట్టి, ఆ ఇసుకను ఏటికి తిరిగి ఇచ్చేవారు. ఆ రోజుకు అప్పగింత అని పేరు పెట్టింది రుక్సానా అనే శిల్పి. ఊరి ఆడవాళ్లు ఆ మాట విని పగలబడి నవ్వారు. మరుసటి ఏడు హంపమ్మ నిజంగానే కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, అత్తారింటికి పోయే పిల్లకు పాడే పాట ఒకటి ఆ బొమ్మలకు పాడింది. అప్పటి నుంచి అప్పగింత ఊరి పండుగ అయింది.

పోషకం సీసాలు నగరం నుంచి ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవి. కళాకారులు వాటిలో నీళ్లు కలిపి సర్దుకునేవారు. కొన్ని శిల్పాలు రాలిపోయేవి, కొన్ని నిలబడేవి. అప్పగింతకు ముందు, అందరికంటే గట్టిగా నిలబడిన శిల్పం నుంచి ఒక గుప్పెడు తీసి జాడీలో దాచేవారు, వచ్చే ఏడాది పనికి. దానిని తోడు అనేవారు. పెరుగుకు తోడు ఉంచుకున్నట్టే.

కొన్నేళ్లకు దిబ్బలు నడవడం మానేశాయి. ఆషాఢ గాలి వచ్చింది గాని ఇసుక రాలేదు. ఏటిలో లేవడానికి వదులు ఇసుక లేదు. తిప్పేస్వామి అనే రైతుకు, తండ్రి హయాంలో పూడిపోయిన పొలం అంచులు బయటపడ్డాయి. మిగిలిన ఇసుకను ట్రాక్టరుతో ఎత్తించి సెనక్కాయ వేశాడు. ఊరు మేటకు ఊరేగింపుగా వచ్చి కొబ్బరికాయలు కొట్టింది. విరూపాక్ష కారణం వెతకాలన్నాడు. కారణం తెలియని మేలు తెలియని కీడంత అనుమానించదగినదన్నాడు. అతని మాటను దమయంతితో సహా ఎవరూ పట్టించుకోలేదు.

ఆ బిళ్ల చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు ఆమెకు గుర్తొచ్చింది ఆ మాటే.

విరూపాక్ష మర్నాడే వచ్చాడు. ఏటి నడుమ చదునైన చోట చతికిలబడి ఒక లోటా నీళ్లు ఇసుక మీద పోశాడు. నీళ్లు పోసిన చోటే నిలబడ్డాయి. పొర మెల్లగా ఉబ్బింది, నిగనిగలాడింది. కాసేపటికి ఒక గోరింక వచ్చి ఏ భయమూ లేకుండా ఆ నీళ్లు తాగి పోయింది. అతను కత్తితో పొరను కోసి ఎత్తాడు. అడుగున ఇసుక పొడిగా, వెచ్చగా ఉంది.

"పోయిన వానాకాలం ఏరు వచ్చిందా?" అని హంపమ్మను అడిగాడు.

"వచ్చింది సారూ. రాక ఏం? చానా శబ్దం చేసుకుంటా వచ్చింది, అట్లే పోయింది. పొద్దున సూస్తే ఏరు ఎండిపోయిండాది. మా కాలంలో ఏరొస్తే రెండు నెల్లు కాళ్లకు సల్లగ తగల్తాండె."

తడి తగలగానే పొర ఉబ్బి రేణువుల మధ్య సందులు మూసుకుంటున్నాయి. వాననీరు ఇంకడం లేదు, జారిపోతోంది. అంతకు ముందు ఏళ్లలో ఇంకిన నీటిని చెలమలు ఈ వేసవి దాకా ఎలాగో పంచిపెట్టాయి. ఇప్పుడు కింద పంచడానికి ఏమీ లేదు.

ఆ సాయంత్రం మేటలోని పని గదిలో అతను రెండు మూకుళ్లు పక్కపక్కన పెట్టాడు. ఒకటి తాను నగరంలో భద్రపరచిన అసలు బంధని. రెండోది ఏటి నుంచి తెచ్చినది. రెండింటికీ పోషకం లేని నీళ్లే పోస్తూ వచ్చాడు. కొన్నాళ్లకు మొదటిది రాలిపోయింది. రెండోది అంచు దాటి బల్ల చెక్క మీదికి పాకింది.

"నేను నీకిచ్చింది ఇది కాదక్కా," అన్నాడు.

"నువ్వివ్వక ఆకాశం నుంచి రాలిందా?"

"నేనిచ్చింది ఇంట్లో అన్నం పెడితేనే బతికే కుక్కపిల్ల. మీరు దాన్ని అడివిలో వేటాడుకునేటట్టు పెంచినారు."

"మేమేం పెంచినాం రా? మేం బొమ్మలు చేసుకున్నాం."

"ఆ జాడీల్లోది ఏ బొమ్మ నుంచి తీస్తాండారు?"

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న రుక్సానా పలికింది. "గట్టిగా నిలబడ్డదాని నుంచి. మెత్తటిదాన్ని ఎవరైనా తోడు పెట్టుకుంటారా?"

"పోషకంలో నీళ్లు కలిపి, అట్ల కలిపినా చావనిదాన్నే ఏరి, మళ్లీ ఏడు ఇంకా నీళ్లు కలిపి, మళ్లీ ఏరి... రైతు విత్తనం ఏరినట్టే ఏరినారు. నేను వేసిన కళ్లెం మీరే విప్పినారు. ఒక్కో ఏడు ఒక్కో ముడి."

"నువ్వు చెప్పల్యాదు గదా, తోడు ఉంచుకోవద్దని," అంది దమయంతి.

"ప్రతి ఏడూ కొత్త బంధని సీసా పంపిస్తి. పాతది పారేసినారనుకున్నా."

"ప్రతి సెలవులకూ ఈడికే వస్తివి. ఆ జాడీలు నీ కండ్ల ముందరే వరసగా ఉన్నాయి. అవేమనుకున్నావు?"

విరూపాక్ష కొంచెంసేపు అల్మరా వైపు చూశాడు.

"ఊరగాయలనుకున్నా," అన్నాడు.

రుక్సానాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది. అక్కాతమ్ముళ్లకు నవ్వు రాలేదు.

అది పోషకం లేకుండా బతకడానికి అలా ఏరడం చాలు. అది ఏటికి చేరడానికి మరొకటి కావాలి. ఆ పనిని అప్పగింత చేసింది. బలమైన దానిని ఏరడం, ఏరినదాన్ని ఏటి నడుమ పగలగొట్టి చల్లడం. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఏమీ జరిగి ఉండేది కాదు. దమయంతికి ఆ రాత్రి అన్నం సహించకపోవడానికి కారణం ఇదే. ఆమె జీవితమంతా ముహూర్తాలను, శాంతులను, తాయెత్తులను వేళాకోళం చేసింది. తాను మాత్రం ఏటికి ఇసుక అప్పగిస్తూ, ఎందుకు అప్పగిస్తున్నామో, దాని వల్ల ఏమవుతుందో ఒక్కసారైనా లెక్క చూసుకోలేదు. అందంగా ఉంది, అందరూ ఇష్టపడ్డారు, చేశారు. ఆచారానికి అంతకు మించిన నిర్వచనం ఆమెకు తోచలేదు.

సావిడిలో ఊరు కూడింది. విరూపాక్ష నేల మీద బొగ్గుతో ఏరు గీశాడు. తూర్పు గట్టున దక్షిణ కొసకు ఇళ్లు, మధ్యన పొలాలు, ఉత్తర కొసకు మేట.

"నీళ్లు కావాలంటే పొర తీసేయాల," అన్నాడు. "ఏరంతా తీయడం మన వల్ల కాదు. ఒక మేర తెరిస్తే, అక్కడ వాన ఇంకుతుంది, చెలమలు ఊరతాయి. కానీ తెరిచిన చోట ఇసుక మళ్లీ వదులవుతుంది. ఆషాఢ గాలి ఆ ఇసుకను ఎత్తి, దాని వెనక ఏముంటే దాని మీద పోస్తుంది."

"ఇండ్ల ముందర తెరిస్తే?" అని ఎవరో అడిగారు.

"ఇండ్ల మీద పోస్తుంది."

"పొలాల ముందర?"

బదులు చెప్పవలసిన పని లేకపోయింది. తిప్పేస్వామి లేచాడు.

"మా నాయన ఆ బూమి మొగం మళ్లీ సూడకుండానే పాయె. నేను రెండు పంటలు తీసినా సారూ. కాయ ఒలిసి మీ కొట్టానికీ తెచ్చిస్తి, తింటిరి గదా? బాగుండాది అంటిరి గదా?"

"బాగుండింది తిప్పేస్వామీ."

"మరి మళ్లీ పూడస్తారా? నీళ్లు బోరులో గూడా వస్తాయి."

"బోరు నీళ్లు నీవు తాగు," అంది హంపమ్మ. "తాగి, నా పక్కన నిలబడు. ఇద్దరమూ కలిసి నేల సూసుకుంటా పోదాం."

కొందరు నవ్వారు. తిప్పేస్వామి నవ్వలేదు గాని, కూర్చున్నాడు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి పెళ్లయింది. చిన్నది ఇంకా చెలమ నీళ్లు తప్ప వేరే నీళ్లు ఎరగదు.

మూల నుంచి ఒక ముసలాయన, గంగమ్మకు కోపం వచ్చిందని, పోతును కొడితే అన్నీ సర్దుకుంటాయని అన్నాడు.

"కొట్టుకో పెద్దాయనా," అన్నాడు విరూపాక్ష. "దాని వల్ల పోతుకు తప్ప ఎవరికీ చెరుపు ల్యాదు. ఏరు మాత్రం తెరుచుకోదు."

ఇంకెప్పుడైనా అయితే దమయంతి ఈ మాటకు నవ్వేది. ఇప్పుడు ఆ ముసలాయన ముఖం వైపు చూడలేక నేల మీది బొగ్గు గీతలు చూసింది. పొలాల ముందు తెరిచి, పోయిన పంటకు పరిహారం తెప్పిస్తే సరిపోతుందేమో అని మొదట ఆలోచించింది. ఆ మాటే పైకి కూడా అంది.

తిప్పేస్వామి ఈసారి కూర్చునే మాట్లాడాడు. "ఏట్లో బొమ్మలు పగలగొట్టింది ఎవరక్కా? నేనా? మీరు పండగ చేస్తిరి, మేం సప్పట్లు కొడితిమి. ఇప్పుడు ఇసుక మాత్రం నా నోట్లో పోస్తారా?"

రుక్సానా సగం కట్టిన పెద్ద గోడ ఒకటి సావిడి పక్కనే ఉంది. ఇసుకతో అలల్లాగా మలిచిన గోడ. ఆమె ఆ గోడ వైపే చూస్తూ నిలబడింది.

"మేట ముందర తెరుద్దాం," అంది దమయంతి.

"అక్కా," అన్నాడు విరూపాక్ష.

"నువ్వే కదా గీసినావు. గాలి దారిలో మా గదులు తప్ప ఇండ్లు ల్యావు, పొలాలు ల్యావు."

"ఇది మా సావిడి గూడా," అంది హంపమ్మ మెల్లగా. "మా మనవరాలి పెండ్లి ఈడనే జేస్తిమి."

"తెలుసు హంపక్కా."

"ఊరికే చెప్తాండా. తెలీక గాదు."

మర్నాడు ఊరు ఊరంతా మేట ఎదుట ఏట్లోకి దిగింది. పొడిగా ఉన్నప్పుడు బంధని పొర కాలు పడితే విరుగుతుంది. ఆడవాళ్లు కోలాటం అడుగులు వేశారు. ముసలివాళ్లు కర్రలతో పొడిచారు. తిప్పేస్వామి తన ఎద్దులను తోలుకొచ్చి అటూ ఇటూ తిప్పాడు. రుక్సానా చెప్పులు విప్పి పిల్లలతో కలిసి గంతులు వేసింది. చాలాకాలానికి ఏట్లో నవ్వులు వినిపించాయి. ఆ వేసవి చివర ఒక పెద్ద వాన కురిసింది. ఏరు వచ్చింది, తెరిచిన మేరలో నీరు నిలవకుండా ఇంకింది. హంపమ్మ అక్కడ చెలమ తవ్వితే మోకాటి లోతులోనే తడి తగిలింది. మొదటి చిప్ప నీళ్లు ఆమె తాగలేదు. దమయంతి అరచేతిలో పోసింది.

"ఎట్లుండాయి?"

"తియ్యగా ఉన్నాయి."

"నాకు తెలుసులే," అని అప్పుడు తాను తాగింది.

నెల తిరగకుండానే తొక్కిన మేరలో నీలి మచ్చలు కనిపించాయి. విరూపాక్ష వాటిని తెచ్చి వేలితో విరిచాడు. విరగడం కష్టమైంది. పాత పొర పక్కన పెట్టి, మళ్లీ మళ్లీ విరిచి చూశాడు.

"తొక్కితే చాలా భాగం చస్తుంది," అన్నాడు అక్కతో. "చావని ముక్క మళ్లీ అల్లుకుంటుంది. అంటే ఇప్పుడు మనం కాళ్లతో ఏరుతున్నాం. మునుపు జాడీలతో ఏరినాం, అంతే. ఇంకొన్నిసార్లు తొక్కితే ఎద్దులు తొక్కినా విరగనిది తయారవుతుంది."

"మరేం చెయ్యాల?"

"దేన్నీ మిగల్చకూడదు. చెక్కి, ఎత్తి, కాల్చాల. నిప్పుకు తట్టుకునేది ఇందులో ఏదీ ల్యాదు. అట్లా అనుకుంటున్నా." అతనే సరిదిద్దుకున్నాడు. "లేదు. పరీక్షించి చూస్తా."

పరీక్షించాడు. కొలిమి వేడికి అన్నీ చచ్చాయి. అప్పటి నుంచి మేటలో బొమ్మలు కాల్చడం ఆగిపోయింది. తెల్లవారేసరికి ఊరివాళ్లు వంతుల ప్రకారం వచ్చి, గంపలతో పొర చెక్కి తెచ్చేవారు. సర్కారు తుమ్మ కంప కొట్టి కట్టెలుగా కొలిమిలో వేసేవారు. ఏటి పొర కాలుతుంటే తడి చెప్పు కాలిన వాసన వచ్చేది. అల్మరాలోని జాడీలన్నీ మొదటి రోజే కాలాయి. వాటిని కొలిమిలో పెట్టింది రుక్సానా. పెట్టాక చేతులు రెండుసార్లు కడుక్కుని, తన గోడను కూడా తానే పగలగొట్టి గంపలకెత్తింది. దానిలోనూ బంధనే ఉంది మరి. వారం తర్వాత ఆమె సామాను సర్దుకుని వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు దమయంతిని కావలించుకుని, మళ్లీ వస్తానని మాత్రం అనలేదు.

ఆషాఢం వచ్చింది. విరూపాక్ష బొగ్గుతో గీసిన గీత ఎంత నిజమో గాలి చూపించింది. తెరిచిన మేర నుంచి ఇసుక లేచి, పాములాగా నేల మీద పాకుతూ గట్టెక్కి, తిన్నగా మేటకు వచ్చేది. దక్షిణాన ఇళ్ల మీద ఒక్క రేణువు పడలేదు. పొలాలు పచ్చగానే ఉన్నాయి. మేటలో మొదట పడమటి గదుల గడపలు పూడాయి, తర్వాత కిటికీలు. సావిడిలో పిల్లల చదువులు ఆగిపోయాయి. రాయదుర్గం వైపు నుంచి పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చిన వాళ్లు సావిడి చూసి, ఇక్కడ పందిరి నిలవదని వెళ్లిపోయారు. దమయంతి పొద్దున లేవగానే కొలిమి మూతి దగ్గరి ఇసుక తోడేది. కొలిమి పూడితే పొర కాల్చడం ఆగుతుంది, పొర కాల్చడం ఆగితే ఏరు మూసుకుంటుంది. మేట పూడడానికి కారణమైన పనిని నడిపించడం కోసమే మేటలో ఆమె మిగిలి ఉంది.

"ఒక్క వానాకాలం కాల్చడం ఆపితే చాలు," అన్నాడు విరూపాక్ష ఒకరోజు, పళ్ల మధ్య ఇసుక నలుగుతుంటే. "పొర మళ్లీ పడుతుంది. ఇసుక ఆగుతుంది. నీ గదులు మిగుల్తాయి. ఈ మాట కూడా చెప్పడం నా బాధ్యత గనక చెప్తాండా."

"చెప్పినావు కదా. ఆ పార ఇటియ్యి."

తిప్పేస్వామి ఎవరూ పిలవకుండానే వారానికి రెండు పూటలు మేటకు వచ్చి ఇసుక ఎత్తేవాడు. ఆ రోజు కూడా ట్రాక్టరుతో వచ్చాడు. మధ్యాహ్నం దాకా ముగ్గురూ ఎత్తారు. హంపమ్మ చెలమ నీళ్లు తెచ్చింది. నలుగురూ పూడిపోయిన గది నీడలో కూర్చున్నారు.

"ఈసారి పూత బాగుండాది," అన్నాడు తిప్పేస్వామి. మేట వైపు చూసి, ఆ మాట అన్నందుకు సిగ్గుపడినట్టు వెంటనే ఇంకో మాట ఎత్తుకున్నాడు. "మా వియ్యంకుడు గూడా నిన్న ఫోన్ చేసినాడక్కా. వాళ్ల ఊర్లోనూ ఇసుక నిలబడిందంట. ఆషాఢంలో తలుపులు తీసిపెట్టుకుని అన్నం తింటాండారంట. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అట్ల తినల్యా అంటాండాడు."

విరూపాక్ష లోటా కింద పెట్టాడు. "వాళ్ల ఊర్లో ఎట్ల నిలబడింది?"

"నిరుడు మా ఇంటికి మనవరాల్ని సూడ్డానికి వచ్చినప్పుడు అడిగినాడు సారూ. మీ ఏటికి తోడేసినారంట గదా, మాకూ రవ్వంత ఇయ్యి అని. అప్పుడు మాకు ఇదంతా యాడ తెలుసు? ఒక గంపెడు ఎత్తిస్తి. అడిగితే ల్యాదంటామా? వియ్యంకుడు గదా."

తిప్పేస్వామి ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. చెప్పకూడనిది చెప్పానని అతనికి మెల్లగా అర్థమవుతున్నట్టుంది.

"ఆ ఊరు కిందనా, పైనా?" అంది దమయంతి.

"పైన అక్కా. ఏరు వాళ్లను దాటినాకే మన దగ్గరికొచ్చేది."

విరూపాక్ష కళ్లు మూసుకున్నాడు. అతని పెదవులు కదులుతున్నాయి. ఎన్ని వానలకు అక్కడి ముక్కలు ఇక్కడికి కొట్టుకొస్తాయో, ఆ పొడవున ఎన్ని ఊళ్లు ఉన్నాయో లెక్క వేస్తున్నాడు. లెక్క ఎక్కడో తెగిపోయినట్టుంది. కళ్లు తెరిచాడు.

"వాళ్ల చెలమల్లో ఇంకా నీళ్లున్నాయా?" అని అడిగాడు.

"ఉన్నాయనే అన్నాడు. ఈ ఏడు రవ్వంత లోతు తవ్వాల్సొస్తాంది అన్నాడు, అంతే."

దమయంతి లేచింది. గది గడప దగ్గర ఇసుకలో చెప్పులు కనిపించలేదు. చేత్తో తవ్వి తీసి, దులిపి తొడుక్కుంది.

"ట్రాక్టరు తియ్యి తిప్పేస్వామీ. ఈ పొద్దే పోదాం."

తిప్పేస్వామి కదలలేదు.

"పోయి ఏం చెప్తావక్కా?" అన్నాడు. "ఏరు తెరవండి, ఇసుక తినండి అని చెప్తావా? వాళ్లు ఇప్పుడు నీ పేరు మీద కొబ్బరికాయలు కొడతాండారు."

దమయంతి అప్పటికే ట్రాక్టరు ఎక్కి కూర్చుంది.